ప్రత్తిపాడు చేలో నీలం బకెట్టు

పురుగుమందులు అమ్మే కంపెనీలో జీతం తీసుకుంటూ, ఎదురుగా నిలబడ్డ రైతుతో "ఏమీ కొనకండి, ఏమీ కొట్టకండి, ఊరికే ఉండండి" అని చెప్పడం ఎంత కష్టమో ఆ ఉద్యోగం చేసినవాడికే తెలుస్తుంది. ఇరవై ఏళ్లు పైబడిన నా కొలువులో ఆ మాట గట్టిగా చెప్పింది ఒక్కసారే. చెప్పాక పదహారు రోజులు అన్నం సరిగా సహించలేదు. పదిహేడో రోజు పొద్దున ఫోనులో ఒక ఆకు బొమ్మ చూసి, కారు రోడ్డు పక్కన ఆపుకొని, కాసేపు ఊపిరి పీల్చుకుంటూ కూర్చున్నాను. ఆ పదహారు రోజుల సంగతే ఇది.

మాది కనిగిరి వైపు మెట్ట ప్రాంతం. నేను ఇంటర్ చదివే రోజుల్లో అక్కడి గ్రంథాలయంలో ఆదివారం ఆదివారం చర్చలు జరిగేవి. దెయ్యాలున్నాయా, జాతకం నిజమా, వాస్తు శాస్త్రమేనా, ఇలాంటివి. నడిపేవారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన నియమం ఒక్కటే: మాట్లాడటానికి లేచినవాడు తన వాదనకు అడ్డుపడే రుజువేదైనా తనకు తెలిస్తే, ముందు దాన్ని చెప్పాలి. ఆ తర్వాతే తన వాదన. అది దాచి మాట్లాడినవాడిని ఆయన ఏమీ అనేవారు కాదు, కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. అంతే, మనిషి కూర్చోవలసిందే. దిష్టి మీద జరిగిన చర్చలో నేను గెలిచాను. ఆ గెలుపు చాలా ఏళ్లు నా తలకెక్కి కూర్చుంది.

వ్యవసాయ డిగ్రీ చేతికి రాగానే సేల్స్ ఆఫీసరుగా చేరాను. మోటారు సైకిలు, భుజాన సంచి, నెలకింత అమ్మాలనే గురి. చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీల దుమ్ము తింటూ షాపు షాపుకూ తిరిగాను. తర్వాత పదోన్నతి వచ్చి, గుంటూరు, ప్రకాశం జిల్లాలకు పంటల సలహా విభాగం మేనేజరునయ్యాను. కొత్తగా చేరే కుర్రాళ్లు అడుగుతుంటారు, సార్, సేల్స్‌కీ మీ పనికీ తేడా ఏమిటని. సేల్స్ వాడు షాపులోకి వెళ్తాడు, నేను చేలోకి వెళ్తాను అని చెప్పేవాడిని. చెప్పడానికి బాగానే ఉంటుంది. కాని చేలోకి వెళ్లినవాడు కూడా చివరికి షాపుకు దారి చూపిస్తేనే కంపెనీకి ఇష్టం. ఈ సంగతి దాచితే మాస్టారు కళ్లజోడు తీస్తారు.

మా వైపు పంటకు వైద్యం ఎలా జరుగుతుందో తెలియనివారికి ఒక్క మాట. రైతు ఒక ఆకు తెంపుతాడు. ప్లాస్టిక్ కవర్లో వేసుకుని షాపుకొస్తాడు. అప్పటికే ఆకు వాడిపోయి ఉంటుంది. షాపాయన దాన్ని లైటు కింద ఒకసారి తిప్పి చూసి, చీటీ మీద మూడు నాలుగు మందుల పేర్లు రాస్తాడు. అన్నీ కలిపి కొట్టమంటాడు. నాలుగింటిలో ఏదో ఒకటి పని చేయకపోతుందా అని ఇద్దరికీ నమ్మకం. గుళ్లో మొక్కుకోవడాన్ని నేను వెక్కిరిస్తూ పెరిగాను గాని, నలుగురు దేవుళ్లకు ఒకేసారి మొక్కినట్టున్న ఈ చీటీ దానికంటే ఏ విధంగా హేతుబద్ధం? ఆ చీటీల వల్లే నా జీతం వస్తున్నంత కాలం, ఇంత గట్టిగా అడగలేదు.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక, ప్రత్తిపాడు పక్కన చేలకు పోయే ఒక దొంక వెంట మా కంపెనీ కలుపుమందు ప్రదర్శన పెట్టాం. దొంకకు రెండు వైపులా వయ్యారిభామ నడుమెత్తు పెరిగి, తెల్లటి పూలతో నిండి ఉంది. దాని గాలికి ఒళ్లు దురదలు, పిల్లలకు ఆయాసం. మందు కలిపి కొట్టి చూపించాం. ప్రదర్శన అయ్యాక వచ్చినవాళ్లకు ఏదో ఒకటి ఇవ్వడం మా లైనులో ఆచారం: టోపీయో, చొక్కాయో, కంపెనీ పేరు అచ్చువేసిన బకెట్టో. ఆ రోజు నీలం బకెట్లు. ఆచారాల మీద దుమ్మెత్తిపోసే నేను ఈ ఆచారాన్ని ఇరవై ఏళ్లు ప్రశ్నించలేదు.

జనం వెళ్లిపోతుండగా, పక్క చేలో కలుపు తీస్తున్న ఆమె గట్టెక్కి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మూడెకరాలు కౌలుకు చేస్తోంది. భర్త చీమకుర్తి క్వారీల్లో టిప్పరు డ్రైవరు, నెలకోసారి వస్తాడు. సేద్యమంతా ఆమెదే. మిరపకు నల్ల తామర పురుగు తగిలి నష్టపోయాక, ఈసారి మూడెకరాలూ పత్తి పెట్టిందట. చేను చూశాను. నలభై రోజుల పైరు, సాళ్లు కలవబోతున్నాయి, ఆకు దళసరిగా నల్లటి పచ్చదనంతో ఉంది. ఈ చుట్టుపక్కల ఇంత మంచి చేను లేదని పైకే అన్నాను. గట్టు మీద కూర్చున్న ఆమె అత్తగారు వెంటనే నేల మీద ఉమ్మి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు చాలు అంతమాత్రం. దిష్టి మీద అప్పటికప్పుడు ఉపన్యాసం ఇచ్చాను. కంటిచూపుకు ఆకును మాడ్చే శక్తి ఉంటే మనకు కలుపుమందు ఎందుకమ్మా, ఈ దొంకంతా నేనొక్కసారి చూసిపోతే సరిపోయేదిగా అన్నాను. నా కుర్రాళ్లు నవ్వారు. ముసలామె నవ్వలేదు.

"మా కోడలికి బకెట్టు లేదా?" అంది.

కొత్తవి అయిపోయాయి. మందు కలిపిన బకెట్టు ఒక్కటే మిగిలింది. కాలువలోకి దిగి దాన్ని రెండుసార్లు తొలిచాను. అద్దంలా ఉంది. వాసన కూడా లేదనిపించింది. ఆమె చేతిలో పెట్టాను. ఉపన్యాసం ఇచ్చిన ఊపు మీద ఉన్నానేమో, రెండో ఆలోచన రాలేదు.

మూడు వారాల తర్వాత ఆమె దగ్గర్నుంచి ఫోను వచ్చింది. చేను ముడుచుకుపోతోందనీ, షాపాయన బొబ్బర తెగులన్నాడనీ, రేపు పొద్దున్నే ట్రాక్టరు పిలిచి దున్నించేస్తున్నాననీ చెప్పింది. తెగులు తగిలిన చేను ఎటూ నిలవదు, ఇంకో వారం దాటితే తిరిగి విత్తే అదను కూడా పోతుంది. "పోయేముందు ఒకసారి చెబుదామని చేశానండీ. మీరు మంచి చేనన్నారు గదా," అంది. ఆ చివరి మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో తెలియలేదు. గుంటూరు నుంచి వెంటనే బయలుదేరాను.

మధ్యాహ్నం మూడింటికి చేలో నిలబడ్డాను. చూడటానికే బాధేసింది. కొత్తగా వచ్చిన ఆకులన్నీ సన్నబడి, చేతివేళ్లలా చీలిపోయి, ఈనెలు పక్కపక్కకు దగ్గరపడి, పత్తి ఆకా బెండాకా అన్నట్టున్నాయి. కొనలు మెలి తిరిగాయి. షాపాయన తన మోటారు సైకిలు మీద అప్పుడే వచ్చి ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పాతికేళ్లుగా కొట్టు నడుపుతున్నాడు, నా కంపెనీ మందులే ఎక్కువ అమ్ముతాడు. మూడెకరాలూ ఎందుకు దున్నడం, ఈ మూడు మందులు కలిపి రెండు తడవలు కొడితే తిప్పుకోవచ్చు అని చీటీ రాసి ఉంచాడు.

"ఏం సార్, బొబ్బరే గదా?" అన్నాడు నాతో.

బొబ్బర తెల్లదోమ తెస్తుంది. ఆకు తిరగేసి చూశాను. దోమ లేదు. బొబ్బర అయితే ఈనెలు ఉబ్బుతాయి, ఆకు పైకి దొప్పలా ముడుచుకుంటుంది. ఇక్కడ ముడత కాదు, ఆకు ఆకారమే మారింది. కాదన్నాను. ఏమిటో మాత్రం చెప్పలేకపోయాను.

గట్టు మీది ముసలామె అప్పుడు నోరు విప్పింది. "ఏంటో నేను చెప్తా నాయనా. నువ్వు చూసి పొగిడి పోయిన వారానికి మొదలయింది. నీ చూపే."

కోడలు అత్తను వారించింది. షాపాయన నవ్వాపుకొన్నాడు. నాకు ఒళ్లు మండింది. సరే, చూపా కాదా తేలుద్దాం అనుకుని చేలోకి దిగాను. మాస్టారు నేర్పిన పద్ధతే: ముందు చూడు, తర్వాత లెక్కపెట్టు, ఆ తర్వాతే మాట్లాడు.

నడుస్తుంటే సాళ్ల మధ్య అక్కడక్కడ కంది పుల్లలు గుచ్చి కనిపించాయి. ఇవేంటమ్మా అని అడిగాను. పచ్చదోమకు మందు కొట్టినప్పుడు గుర్తుకు పెట్టినవి అంది. మా వైపు అందరూ చేసే పనే అది. వీపు మీది ట్యాంకు ఎక్కడ అయిపోయిందో అక్కడ పుల్ల గుచ్చుతారు. తిరిగి నింపుకుని వచ్చి అక్కణ్ణుంచి మొదలుపెడతారు. లేకపోతే ఒక సాలు రెండుసార్లు తడుస్తుంది, ఇంకొకటి ఎండుతుంది. ఆమె ఒక్కతే రెండు రోజులు కొట్టింది. పుల్లలు తీయలేదు.

కాలువ గట్టు దగ్గర మొదటి పుల్ల. అక్కడిదాకా ఒక్క మొక్కా ఆనవాలు పట్టేలా లేదు. రెండో పుల్ల దాకా కూడా అంతే. నాలుగో పుల్ల దాటాక చీలిక తగ్గింది. ఎనిమిదో పుల్ల దాటాక మెలి మాత్రమే మిగిలింది. మూడో ఎకరంలో చివరి పుల్లల దగ్గర చేయి పెట్టి వెతికితే గాని కనబడటం లేదు. పుల్ల పుల్లకూ ఒక మెట్టు దిగినట్టు రోగం తగ్గుతూ వచ్చింది. వెనక్కి నడిచి మళ్లీ లెక్కపెట్టాను. అదే వరస.

నాకు సంబరమేసింది. తప్పుగా అనుకోకండి, ఆ క్షణంలో చేను గుర్తులేదు, గెలుపే గుర్తుంది. దోమ ట్యాంకుల వరసన కుట్టదు. దిష్టి ట్యాంకుల వరసన తగలదు. ఇది పిచికారీలోంచి వచ్చింది, మొదటి ట్యాంకులో ఎక్కువగా, తర్వాత కడిగినకొద్దీ తక్కువగా. కలుపుమందు శేషం. ఆకు అచ్చం అలాగే చీలింది కూడా. వయ్యారిభామను చంపే ఆ మందు పత్తికి చుక్క తగిలినా చాలు, ఆకు రూపం మారిపోతుంది. ట్యాంకు ఎవరిదగ్గరైనా అద్దెకు తెచ్చి ఉంటుంది, వాళ్లు కలుపుమందు కొట్టి కడగకుండా ఇచ్చి ఉంటారు. గట్టెక్కి, ఒక్కొక్క పుల్లా చూపిస్తూ, ముసలామెకు వినబడేలా అందరికీ వివరించాను.

"ట్యాంకు ఎవరిదమ్మా?" అని అడిగాను.

"మాదేనండి. కొత్తది. మా ఆయన పోయిన నెల చీమకుర్తి నుంచి తెచ్చాడు. ఇదే మొదటిసారి కొట్టడం."

"మరి మందు దేంట్లో కలిపారు?"

ఆమె నా మొహం వంక చూసింది. ఎందుకడుగుతున్నానో అర్థం కాలేదు ఆమెకు.

"మీరిచ్చిన బకెట్టులోనేగా," అంది.

పంపు షెడ్డు పక్కన నీలం బకెట్టు బోర్లించి ఉంది, మా కంపెనీ పేరు ఎండకు మెరుస్తూ.

కాళ్లు చేతులు కడుక్కొస్తానని కాలువ దగ్గరికి వెళ్లాను. ఆ మందు నూనెలాంటిది, ప్లాస్టిక్‌ను పట్టుకుంటుంది, రెండుసార్లు తొలిస్తే పోదు. ఈ సంగతి నేను పాఠం చెబుతాను. కొత్తగా చేరినవాళ్లకు తొలి వారం చెప్పే పాఠం. కలుపుమందు కలిపిన పాత్ర పంట మందుకు వాడకూడదు అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తాను.

అంతలో పైఅధికారి ఫోను చేశాడు. షాపాయన ఆయనకు అప్పటికే కబురు పెట్టినట్టున్నాడు. మన మందు కొట్టిన చేనేనా అని అడిగాడు. పురుగుమందు మనదే, అందులో దోషం లేదు, దోషం మన బకెట్టుదన్నాను. అయితే నోరు మెదపకుండా వచ్చేయమన్నాడు. తెగులనుకుంటున్నారు, అనుకోనీ, వాళ్లే దున్నుకుంటున్నారుగా అన్నాడు. ఆయన మాటలో అబద్ధం ఏమీ లేదు. నేను అబద్ధం చెప్పక్కరలేదు, ఊరకుంటే చాలు. తెల్లారేసరికి ట్రాక్టరు వచ్చి, పుల్లలతో సహా రుజువంతా దున్నేసి పోతుంది. ఎవరూ నన్ను అడగరు.

కాని ఒక చిక్కుంది. ఇది తెగులైతే చేను తేరుకోదు, ఆమె దున్నడమే మంచిది. కలుపుమందు శేషమైతే, మోతాదు ఇంత తక్కువైతే, మొక్క చావదు. రెండు మూడు వారాల్లో మందు ప్రభావం తగ్గి, కొత్త చిగురు మామూలుగా వస్తుంది. ఆగమని ఆమెకు చెప్పాలంటే ఎందుకు ఆగాలో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే ఎవరి చేతి నుంచి వచ్చిందో చెప్పాలి. చేను నిలబడాలంటే నేను కూలబడాలి, వేరే దారి లేదు. పైగా నా లెక్క తప్పితే, ఆమెకు చేనూ పోతుంది, అదనూ పోతుంది.

తిరిగొచ్చి గట్టు మీద నిలబడి చెప్పాను. ఆ బకెట్టులో మేం ఆ రోజు కలుపుమందు కలిపామనీ, నేనే తొలిచి ఇచ్చాననీ, సరిగా తొలవలేదనీ, అసలు ఇవ్వనే కూడదనీ. చేను మీద పడింది నా బకెట్టులోని మందేనని. షాపాయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె వైపు తిరిగాను. ఏడుస్తుందేమో అనుకున్నాను, తిడుతుందేమో అనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని మెల్లగా అడిగింది.

"ఆ రోజు మా అత్తకు అంత చదువు చెప్పారే. ఆ చదువు మీ బకెట్టుకు లేదా?"

ఇరవై ఏళ్లలో నా మీద ఎవరూ ఇంత సూటిగా గెలవలేదు. లేదమ్మా అన్నాను.

తర్వాత ఆమె సలహా అడిగే రైతులా కాకుండా యజమానిలా మాట్లాడింది. ఆగితే లేస్తుందని ఏంటి నమ్మకం అంది. మీ మాట ఒకసారి నమ్మాను, చాలు, ఇప్పుడు చూపించండి అంది. ఆమె అడిగింది న్యాయం. రుజువు కావాలి.

నా కారు డిక్కీలో ఆ రోజు ప్రదర్శనలో కలుపుమందు కొలిచిన మగ్గు కడగకుండా ఇంకా పడి ఉంది. దాన్ని కాలువలో సరిగ్గా ఆ బకెట్టును తొలిచినట్టే రెండుసార్లు తొలిచాను. నిండా మంచినీళ్లు పట్టి, చివరి పుల్లలకు కూడా అవతల, మంచిగా ఉన్న అయిదు మొక్కల కొసల మీద చిలకరించాను. నేను చెప్పింది నిజమైతే వారంలో ఈ అయిదూ కాలువ గట్టు మొక్కల్లా మారతాయి. మారకపోతే నాది తప్పు, దున్నేయండి అన్నాను. అయితే ఏ అయిదు మొక్కలో గుర్తుండాలి కదా. పుల్లలు గుచ్చితే వేరే పుల్లల్లో కలిసిపోతాయి. చుట్టూ చూసి, ముసలామెను ఒక దారం ముక్క అడిగాను. ఆమె తన సంచీలోంచి ఎర్రదారం తీసిచ్చింది. అయిదు మొక్కల మొదళ్లకూ కట్టాను.

కట్టి లేచేసరికి ముసలామె మొహం విప్పారి ఉంది.

"కట్టు నాయనా, కట్టు. ఆలస్యంగానైనా తెలివొచ్చింది," అంది.

వివరించబోయాను. కోడలు వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆమె పెదవి చివర నవ్వులాంటిది కదిలింది. ట్రాక్టరాయనకు ఫోను చేసి, వచ్చే శుక్రవారం దాకా ఆగమని చెప్పింది. ఒక్క వారం. అంతకంటే ఇవ్వనంది.

"ఈలోగా ఏం కొట్టమంటారు?" అని అడిగింది.

"ఏమీ కొట్టకండి. ఏమీ కొనకండి. వాన పడకపోతే ఒక తడి పెట్టండి, అంతే."

షాపాయన నన్ను విడ్డూరంగా చూశాడు. సార్, మీరు ఏ కంపెనీ అన్నాడు.

ఆ రాత్రే పైఅధికారికి నివేదిక పంపాను. మొదటి వాక్యంలోనే కారణం రాశాను, చివర్లో కాదు. పొద్దున ఆయన ఫోను చేసి, "ఏమయ్యా, ఉద్యోగం బరువైందా?" అన్నాడు. కాలేదండీ, బకెట్టే బరువైంది అన్నాను. నవ్వలేదు. పెట్టేశాడు.

ఇక ఆ వారం. నేను మనుషులతో వాదించినవాణ్ణి, మొక్కలతో కాదు. మొక్క వాదానికి జవాబివ్వదు, తన తీరికన చేసి చూపిస్తుంది. వేరే ఊళ్లలో మిరప నారుమళ్లు చూస్తున్నా, కుర్రాళ్లకు పాఠం చెబుతున్నా మనసు ఆ అయిదు దారాల మీదే. పాఠంలో ఆ మాట వచ్చినప్పుడు, కలుపుమందు పాత్ర అని రాయబోయి సుద్దముక్క ఆగిపోయింది. ఎప్పుడైనా ఎవరైనా ఇలా చేశారా సార్ అని ఒకమ్మాయి అడిగింది. నేను చేశాను అన్నాను. గదిలో అందరి పెన్నులూ కదిలాయి. అంతకు ముందు ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పానో గాని, వాళ్లు రాసుకోవడం చూసింది ఆ రోజే.

శుక్రవారం పొద్దున్నే వెళ్లాను. దారం కట్టిన అయిదు మొక్కల్లో అయిదూ చీలాయి. పక్క మొక్కలు నిక్షేపంగా ఉన్నాయి. ఇలా చీలినందుకు సంతోషపడిన పంటల సలహాదారు ఇంకొకడు ఉండడేమో. ఆమె వంగి ఒక్కొక్క ఆకూ పట్టుకుని చూసింది. కాలువ గట్టు నుంచి ఒక ఆకు తెచ్చి పక్కన పెట్టి చూసింది. నేను ఏమీ చెప్పక్కరలేకపోయింది.

"సరే. మందేనని తేలింది. మరి లేస్తదా?" అంది.

అది మాత్రం నేను రుజువు చేయలేను. పుస్తకాల్లో చదివింది, ఇతర చోట్ల ఒకటి రెండుసార్లు చూసింది చెప్పాను. లేవాలి అన్నాను. లేస్తుంది అనలేదు. ఆ తేడా ఆమె పట్టుకుంది. కాసేపు ఆలోచించి, ట్రాక్టరాయనకు ఇక రావద్దని చెప్పేసింది. అదను దాటిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఆ నిర్ణయం పూర్తిగా ఆమెది. కౌలు చేను, మొగుడు క్వారీలో, ఎదురుగా తప్పు చేశానని ఒప్పుకొన్న కంపెనీ మనిషి. అయినా కళ్లతో చూసిన దాన్నిబట్టి నిర్ణయించుకుంది. మా కనిగిరి గ్రంథాలయంలో కూర్చుని గెలిచిన మాలో ఎవరికీ అంత ధైర్యం అవసరం పడలేదు.

తర్వాత తొమ్మిది రోజులు. మధ్యలో ఒక మంచి వాన పడింది. ఆ వాన చూస్తూ ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి, పడనీ పడనీ అనుకున్నాను. ఎవరితో అన్నానో నన్నడక్కండి.

పదిహేడో రోజు పొద్దున ఫోటో వచ్చింది. ఆ వేళ నేను ఒంగోలు వెళ్తున్నాను. కారు పక్కకు ఆపి తెరిచాను. ఆమె అరచేతిలో ఒక పత్తి ఆకు. వెడల్పుగా, మూడు తమ్మెల ఆకారంతో, ఈనెలు వేటికవి దూరంగా, పసిబిడ్డ చెయ్యంత. కింద ఒక్క మాటా రాయలేదు. కాసేపటికి గొంతు సందేశం వచ్చింది.

"మొదటి పుల్ల దగ్గరిదండీ. ఇట్టాంటివి చెట్టుకు మూడు నాలుగు వచ్చాయి. అన్నం తిన్నారా?"

ఆ చివరి ప్రశ్నకు కళ్లు చెమర్చాయి. లారీలు గాలి విసురుతూ పక్కనుంచి పోతున్నాయి. ఒంట్లో ఒక్కో కీలూ వదులవుతున్నట్టుంది. ఎక్కడో బిగుసుకున్నట్టు నాకే తెలియలేదు, వదిలాక తెలిసింది. రోడ్డు పక్క హోటల్లో ఆగి, ఇడ్లీలు తిని, ఇంకో ప్లేటు చెప్పాను.

మధ్యాహ్నం పైఅధికారికి ఆ ఫోటో పంపాను. సాయంత్రం ఫోను చేశాడు. నా నివేదిక ఇన్నాళ్లూ పైకి పంపకుండా తన దగ్గరే ఉంచాడట. ఇప్పుడు చేను కోలుకుందని చివర ఒక వాక్యం చేర్చి పంపుతానన్నాడు. మొదటి వాక్యం మార్చొద్దన్నాను. మార్చనులేవయ్యా అన్నాడు, కాస్త విసుగ్గా, కాస్త ఊరటగా కూడా. ఆయనకూ ఒక బరువు దిగిందని అప్పుడు తోచింది. కొన్నాళ్లకు ప్రదర్శనలో వాడిన ఏ పాత్రనూ ఎవరికీ ఇవ్వకూడదని కంపెనీ ఆదేశం వచ్చింది. నా పేరు లేదు. ఉండక్కరలేదు.

అన్నీ బాగయిపోయాయని చెప్పను. కాలువ గట్టు వైపు ఎకరంలో పూత ఆలస్యమైంది, మొదటి పత్తి తీతలో ఆ ఎకరం నుంచి పెద్దగా ఏమీ రాలేదు. రెండో తీత నుంచి మిగతా చేనుతో కలిసింది. ఆ నష్టం నా వల్లనేనని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మొదటి తీత రోజు వెళ్లాను. ఖాళీ చేతులతో వెళ్లకూడదని అరటిపళ్లు పట్టుకెళ్లాను. కంపెనీ వస్తువేదీ తీసుకెళ్లలేదు.

చేను మధ్యలో ఒక కర్ర పాతి ఉంది. దాని కొసన మా నీలం బకెట్టు బోర్లా తగిలించి ఉంది, కంపెనీ పేరు దొంకలో పోయేవాళ్లకు కనబడేలా. దానికి కళ్లు, మీసాలు సున్నంతో గీశారు. మళ్లీ ఎవరూ మందు కలపకుండా అడుగున పెద్ద చిల్లు. ముసలామె గట్టు మీద కూర్చుని నన్నే చూస్తోంది, ఈసారి ఏం ఉపన్యాసం ఇస్తానా అని.

నాకూ నోరు దురద పెట్టింది, దాచను. ఇంతా చేసి, ఇన్ని పుల్లలు లెక్కపెట్టి, చివరికి దిష్టిబొమ్మేనా అమ్మా అన్నాను కోడలితో.

ఆమె ఒడినిండా పత్తితో నిటారుగా నిలబడింది.

"దిష్టికి మా అత్త పెట్టింది మీసాలండీ. బకెట్టు నేను పెట్టా. మొన్న ఇంకో కంపెనీవాళ్లొచ్చారు మీటింగని. దొంకలో నిలబడి దీన్ని చూసి, ఇదేంటమ్మా అన్నారు. చెప్పా. వాళ్ల బకెట్లు వాళ్లే కట్టుకుని పోయారు."

అరటిపళ్లు ముసలామె చేతిలో పెట్టాను. ఆమె ఒకటి వొలిచి నాకే ఇచ్చింది. గట్టు మీద కూర్చుని తింటూ చేను చూశాను. తెల్లగా విచ్చుకుని ఉంది. బాగుందనాలని నోటిదాకా వచ్చింది. ముసలామె నా వైపు ఒక కన్నేసి ఉంచింది. పండు నమిలి మింగి, ఊరుకున్నాను.